ఐదొందల కూపన్ ఆరో నెలలో ఎందుకు చేదైంది?

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరుగా చేస్తున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. తొమ్మిది, పది తరగతుల్లో నా దగ్గర ఫిజిక్స్ చదువుకుంది. వాళ్ళ షెడ్డులో రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళలో టార్గెట్ అందుకున్న వాళ్ళకు నెలకు ఐదొందల రూపాయల కిరాణా కూపన్ ఇవ్వడం మొదలుపెట్టారట. మొదటి నెల అదొక పండగ. రెండో నెలా సంతోషమే. నాలుగో నెల వచ్చేసరికి సంతకం పెట్టి, కూపన్ కొంగున ముడేసుకుని, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోతున్నారు. ఐదు నెలలు ఇచ్చాక, ఆర్డర్లు తగ్గాయని ఆరో నెల ఆపేశారు. షెడ్డులో ముఖాలన్నీ మాడిపోయాయి.

"కూపన్ అన్నదే లేనప్పుడు ఇంత కోపం లేదు మాస్టారూ. అసలు మొదలుపెట్టకుండా ఉండాల్సిందా? మనుషులకు విశ్వాసం లేదంటున్నారు మా మేనేజరు గారు. మీరేమంటారు?" అని అడిగింది.

విశ్వాసంతో దీనికి సంబంధం లేదమ్మా, ఆ ఆడవాళ్ళ మెదళ్ళు లెక్క తప్పకుండా పనిచేశాయి అన్నాను. ఆ లెక్క ఏమిటో ఫోనులో చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం పేరెత్తగానే 'ఆనంద రసాయనం' అని రాసేస్తున్నారు. ఆ మాట చూస్తే నాకు బాధేస్తుంది, అసలు అద్భుతమంతా దాని కింద కప్పబడిపోతుంది కాబట్టి. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండులో కోతుల మీద చేసిన ప్రయోగం చూడండి. మధ్యమెదడులో డోపమైన్ విడుదల చేసే నాడీకణాలు ఉంటాయి. మామూలుగా అవి సెకనుకు మూడు నుంచి ఐదు సార్లు టిక్కుటిక్కుమంటూ ఉంటాయి. కోతి నోట్లో అనుకోకుండా ఒక చుక్క పళ్ళరసం పడింది. సెకనులో ఒకటి రెండు పదో వంతుల పాటు కణాలు గబగబా మోగి, మళ్ళీ మామూలైపోయాయి. తర్వాత, రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగిస్తూ వచ్చారు. కొన్నాళ్ళకు కోతికి సంగతి అర్థమైంది. అప్పటినుంచి కణాలు దీపం వెలగగానే మోగడం మొదలుపెట్టాయి. రసం పడినప్పుడు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చుక్క అదే, తీపి అదే! ఒకరోజు దీపం వెలిగించి రసం ఇవ్వలేదు. రసం పడాల్సిన సరిగ్గా ఆ క్షణానికి మామూలు టిక్కులు కూడా ఆగిపోయాయి. రాని చుక్కకు మెదడు మైనస్ గుర్తు వేసింది.

షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ ముగ్గురూ కలిసి 1997లో దీనికి అర్థం చెప్పారు. ఈ కణాలు బహుమతిని కొలవడం లేదు. వచ్చినదానిలోంచి వస్తుందనుకున్నది తీసేస్తే ఎంత మిగులుతుందో దాన్ని కొలుస్తున్నాయి.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది చెప్పడానికి కోతి దాకా పోనక్కర్లేదు, లాకులు చాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా అయ్యాయి. కాలువ మట్టం దిగే చోట లాకు కట్టారు: రెండు జతల తలుపులు, మధ్యలో ఒక గది. కిందినుంచి వచ్చిన పడవ గదిలో చేరాక, వెనక తలుపులు మూసి, పైకాలువ నీళ్ళు గదిలోకి వదులుతారు. గది నిండుతుంది, పడవ లేస్తుంది. చిన్నప్పుడు గట్టు మీద కూచుని ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ నీళ్ళ పరుగు గమనించండి. పైకాలువకూ గదికీ మీటరు తేడా ఉంటే తూములోంచి నీరు సెకనుకు దాదాపు 4.4 మీటర్ల వేగంతో దూకుతుంది. గురుత్వ త్వరణాన్ని రెట్టింపు చేసి, ఎత్తు తేడాతో గుణించి, వర్గమూలం తీస్తే వచ్చే అంకె అది. తేడా ఐదు సెంటీమీటర్లకు తగ్గితే వేగం ఒక మీటరుకు పడిపోతుంది. రెండు పక్కలా మట్టం సమానమైతే సున్నా. కాలువలో రెండు నిలువుల లోతు నీళ్ళున్నా సరే, తలుపుకు అటూ ఇటూ అంతే ఉంటే ఒక్క చుక్క కదలదు. అదే ఎండిపోయిన బోదెలోకి మోకాలి లోతు నీళ్ళు వదిలి చూడండి, ఉరుకుతూ పోతాయి. నీళ్ళను నడిపేది లోతు కాదు, తేడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గది మట్టాన్ని పెంచుతున్నది ఎవరు? లోపలికి వచ్చిన నీరే. ఆ నీరు మట్టాన్ని పెంచి, తన వెనక రాబోయే నీటి పరుగును తగ్గిస్తోంది. ఇప్పుడు పైకాలువ మట్టాన్ని కూపన్ అనుకోండి. గది మట్టం మనిషి లోపలి ఎదురుచూపు. దూకే నీరు సంతోషం. ఇవాళ్టి సంతోషం ఎదురుచూపును కాస్త పెంచి వెళ్తుంది, అందుకే రేపటి సంతోషం అంతకు తగ్గుతుంది. కూపన్ విలువలో ఏ లోపమూ లేదు. గది నిండింది.

దీన్ని అంకెల్లో చూస్తేగాని నాకు తృప్తి ఉండదు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సూత్రం ఇచ్చారు: వచ్చినదానికీ అనుకున్నదానికీ ఉన్న తేడాలో కొంత వాటా ప్రతిసారీ ఎదురుచూపుకు కలుస్తుంది. ఆ వాటా సగం అనుకుందాం. మొదటి నెల ఎదురుచూపు సున్నా, కూపన్ 500, తేడా 500. ఎదురుచూపు 250కి చేరింది. రెండో నెల తేడా 250, ఎదురుచూపు 375. మూడో నెల తేడా 125. నాలుగో నెల 62.50. ఐదో నెల 31.25. ఐదొందలు చేతిలో పెడితే మెదడుకు అందింది ముప్ఫై ఒక్క రూపాయి! అప్పటికి ఎదురుచూపు 484 దాటింది. ఆరో నెల కూపన్ లేదు. తేడా మైనస్ 484. (లాకులో వేగం వర్గమూలం లెక్కన తగ్గుతుంది, ఈ సూత్రంలో నేరుగా తేడా నిష్పత్తిలో తగ్గుతుంది. పోలికకు ఆ మాత్రం హద్దు ఉంది.) లెక్క కోసం నేను తీసుకున్న 'సగం' మనిషి మనిషికీ మారుతుంది గానీ వరస మారదు. ఇదే తేడా లెక్కను కాలంతో ముడిపెట్టి యంత్రాలకు నేర్పిన ఆండ్రూ బార్టో, రిచర్డ్ సటన్‌లకు కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు 2024 సంవత్సరానికి వచ్చింది.

మైనస్ అంటే ఏమిటో చూడాలంటే లాకు వదిలి సముద్రం వైపు పోవాలి. కోనసీమలో మురుగుకాలువలు చివర సముద్రంలో కలుస్తాయి. ఆటు మీద నీరు బయటికి పోతుంది. పోటు మీద, కాలువ మట్టం కన్నా సముద్రం ఎత్తు అయినప్పుడు, ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. ఆరో నెల జరిగింది అదే. ఉప్పునీరు వెనక్కి పోయినా ఉప్పు మట్టిలో ఉండిపోతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట తలలు వాల్చిన కొబ్బరిచెట్లను చూసిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మెదడులోనూ ఈ వెనక ప్రవాహానికి వేరే ఏర్పాటు ఉంది. సెకనుకు నాలుగు టిక్కులు కొట్టే కణం పైకి చాలా దూరం పోగలదు, కిందికి మాత్రం సున్నా దాటి పోలేదు. లేటరల్ హబెన్యులా అనే చిన్న ముద్దలోని కణాలు, అనుకున్నది రానప్పుడు తాము గట్టిగా మోగి, డోపమైన్ కణాల నోరు మూయిస్తాయి. మట్సుమోటో, హికోసాకా 2007లో కోతుల్లో దీన్ని చూపించారు.

ఇంతా విని, "అయితే ఎప్పుడిస్తామో చెప్పకుండా, లాటరీలా ఇస్తే సరి" అనుకునే యజమానులు ఉంటారు. దయచేసి ఆ దారి పట్టకండి. రసం వచ్చే అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడు, దీపం వెలిగిన దగ్గర్నుంచి రసం పడే దాకా డోపమైన్ కణాలు అంతకంతకూ వేడెక్కుతూనే ఉంటాయని 2003లో షుల్ట్జ్ బృందమే చూపించింది. సంక్రాంతికి బరి చుట్టూ నిలబడ్డ వాళ్ళ కళ్ళలో కనిపించేది ఆ వేడే. సమానమైన రెండు పుంజుల మీద పందెం అంత పట్టుకు లాగుతుంది, ఎకరాలు పోయినా వదలదు. కూలి డబ్బుల దగ్గర మనిషిని ఆ స్థితిలో పెట్టడం తప్పు. జీతం కాలువలో నిండు మట్టం లాంటిది, అది కదలకుండా ఉండాలి. బోనస్ మీద ఉన్న చట్టం అర్హులైన వాళ్ళకు ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, ఇవ్వమంది. అది హక్కు. హక్కును తీసుకొచ్చి గుర్తింపు పేరుతో వేదిక మీద ఇస్తే ఎవరి గదిలోనూ నీరు కదలదు. జీతం మూడు నెలలు బాకీపెట్టి శాలువా కప్పడం మరీ అన్యాయం.

మరి గుర్తింపు అంటే ఏమిటి? ఇక్కడ మనకు ఒక పాత భయం అడ్డం వస్తుంది. ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం, దిష్టి తగులుతుంది అంటారు. ఇళ్ళలో పిల్లల్ని పొగడరు, పనిలో మనుషుల్ని పొగడరు. ముప్ఫై ఏళ్ళు చక్కగా పనిచేసిన వాడికి పదవీ విరమణ సభలో మొదటిసారి మంచిమాట వినిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు ఆ భయంలోనే ఉన్నాను. పొగడ్త వల్ల ఆయుష్షు తగ్గిందని చూపిన లెక్క ఎక్కడా లేదు. పొగడ్త మెదడులో ఎక్కడ చేరుతుందో మాత్రం చూశారు. 2008లో జపాన్ పరిశోధకులు స్కానర్‌లో పెట్టి చూస్తే, డబ్బు గెలిచినప్పుడూ, తమ గురించి ఇతరులు మంచిగా అన్నారని తెలిసినప్పుడూ మెదడులో ఒకే భాగం, స్ట్రైయేటం, స్పందించింది. డోపమైన్ కణాల తీగలు ఎక్కువగా చేరేది అక్కడికే.

మంచిమాటకూ అదే లాకు లెక్క వర్తిస్తుంది. ప్రతి నోటుబుక్కులో 'గుడ్' అని రాసే మాస్టారి 'గుడ్'కు విలువ ఉండదు. ఇది బళ్ళో రోజూ చూశాను. 1973లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఇంకా లోతుకు పోయింది. బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ముందే చెప్పించుకున్న పిల్లలు రంగు పెన్నుల జోలికి పోవడం మిగతా వాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చిన వాళ్ళలో ఇష్టం తగ్గలేదు.

వస్తువుకూ డబ్బుకూ తేడా కూడా చూశారు. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు నమోదు చేసే మూడు గంటల పనికి మనుషుల్ని పెట్టుకున్నారు. ఒప్పుకున్న జీతం మీద కొందరికి అనుకోకుండా ఏడు యూరోలు ఇచ్చారు, కొందరికి అదే ఖరీదు ఫ్లాస్కు చక్కగా చుట్టి ఇచ్చారు. డబ్బుతో పని చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఫ్లాస్కుతో దాదాపు 25 శాతం పెరిగింది. నోటును చొక్కా ఆకారంలో మడిచి ఇస్తే మాత్రం డబ్బు కూడా ఫ్లాస్కులాగే పనిచేసింది. ఎవరో తమ కోసం కూచుని మడిచారన్నమాట! దీపావళికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఇంటిదాకా తెచ్చి ఇచ్చే యజమాని చేస్తున్నది ఇదే. కాకపోతే ఆ ప్రయోగం మూడు గంటల పని మీద చేసింది. ప్రతి దీపావళికీ అదే డబ్బా అయితే గది నిండుతుంది.

ఆ అమ్మాయి ఫోనులో ఇంకోటి కూడా చెప్పింది. తలలు తీసే ఒకావిడ, క్రేట్లలో ఐసు కరిగిపోవడం ముందుగా చూసి కేకేసిందట. వెంటనే ఐసు పోయించబట్టి సరుకు పాడవలేదు. మధ్యాహ్నం టీ దగ్గర ఈ అమ్మాయి అందరి ముందూ, "పొద్దున అక్క ఐసు సంగతి చెప్పకపోతే ఆ లాటు పోయేది" అంది. అంతే, ఒక్క వాక్యం. కూపన్ ఇచ్చిన నెలలు ఎవరికీ గుర్తులేవు గానీ, ఆవిడ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుందట. ఎందుకు మాస్టారూ అని అడిగింది.

ఎందుకంటే ఆ మాట ఏ పనికి వచ్చిందో ఆవిడకు తెలుసు. మెదడుకు తేడా వచ్చిందని తెలిస్తే చాలదు, ఏది చేస్తే వచ్చిందో తెలియాలి. నెలలో ఇరవై ఆరు రోజులు, రోజుకు కొన్ని వేల రొయ్యలు. నెలాఖరు కూపన్ వీటిలో దేనికి? ఆ ముడి ఎవరూ విప్పలేరు. ఆగస్టు 15న ఇచ్చే ప్రశంసాపత్రానిదీ ఇదే చిక్కు, అందులో పేరుంటుంది, పని ఉండదు. పొద్దుటి పనికి మధ్యాహ్నమే మాట వచ్చింది, ఎవరూ అనుకోనిది వచ్చింది, ఐసు అన్న మాటతో వచ్చింది.

కూపన్ సంగతి కూడా చెప్పాను. ఆపిన ఐదొందలను మళ్ళీ కూపన్‌గా మొదలుపెట్టొద్దు, కిలోకు ఇచ్చే రేటులో కలిపేసి, కలిపామని అందరికీ చెప్పండి అన్నాను. ఆర్డర్లు తగ్గిన సంగతి దాచకుండా లెక్క చూపించి చెప్పమన్నాను. మేనేజరు గారిని అడుగుతానంది.

తర్వాత, ఆ ఐసు చూసినావిడ ఇప్పుడెలా పనిచేస్తోంది అని అడిగాను. రోజూ షెడ్డులోకి రాగానే, ఆప్రాన్ కూడా కట్టుకోకముందే, వెళ్ళి ఐసు పెట్టెల మూతలు తీసి చూస్తుందట. ఎవరూ చెప్పలేదట. ఎవరూ ఇప్పుడు మెచ్చుకోవడం కూడా లేదట. రసం దగ్గర మోగిన కణాలు కొన్నాళ్ళకు దీపం దగ్గర మోగాయని పైన చెప్పాను కదా. ఆవిడకు దీపం ఆ మూత కింద ఉంది.