అమ్మ పేరు వీపున, గెలుపు విశాఖలో

2016 అక్టోబర్ 29, దీపావళికి ముందు రోజు. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో న్యూజిలాండ్‌తో ఐదో వన్డేకి మన ఆటగాళ్లు అమ్మల పేర్లున్న జెర్సీలతో దిగారు. ధోనీ వీపున దేవకి, కోహ్లీ వీపున సరోజ్. మహిళా క్రికెట్‌కి విశాఖలో దక్కుతున్న గుర్తింపు గురించి మాట్లాడేటప్పుడు ఆ రోజు నుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

ఆ జెర్సీలకు మూలం స్టార్ ప్లస్ టీవీ ఛానల్ ప్రకటనల ప్రచారం. ధోనీ, కోహ్లీ, రహానే అందులో నటించారు. దేవకి అని ఎందుకు రాయించుకున్నారని విలేకరి అడిగితే, ఇన్నాళ్లూ నాన్న పేరు వేసుకుని తిరిగానే, అప్పుడెందుకు అడగలేదని ధోనీ ఎదురడుగుతాడు. అప్పట్లో జట్టు జెర్సీ మీద స్పాన్సర్ పేరూ స్టార్‌దే, స్వదేశీ మ్యాచ్‌ల ప్రసార హక్కులూ స్టార్‌వే. అందుకే టీవీలో కనిపించిన జెర్సీ మైదానం దాకా వచ్చింది.

అక్కడి నుంచి ప్రకటనల వాళ్ల చేతిలో ఏమీ లేదు. రాంచీలో భారత్ 19 పరుగులతో ఓడటంతో సిరీస్ 2-2 అయింది, తేల్చే మ్యాచ్ మన ఊరికి వచ్చింది. బంగాళాఖాతంలో క్యాంత్ తుపాను. రెండేళ్ల కిందట హుద్‌హుద్ దెబ్బకి వెస్టిండీస్‌తో ఇక్కడ జరగాల్సిన వన్డే రద్దయిన సంగతి విశాఖలో ఎవరు మరిచిపోతారు? ఈసారి తుపాను సముద్రంలోనే బలహీనపడింది.

భారత్ 269 చేసింది. రోహిత్ 70, కోహ్లీ 65, ధోనీ 41. ఛేదనలో తొలి ఓవర్లోనే ఉమేశ్ యాదవ్ గప్తిల్‌ని సున్నాకే పంపాడు. అయినా 63కి రెండే వికెట్లు, మ్యాచ్ ఎటైనా తిరగొచ్చు. అప్పుడు అమిత్ మిశ్రా లెగ్‌స్పిన్ మొదలైంది. ఆరు ఓవర్లు, 18 పరుగులు, ఐదు వికెట్లు. మిగతా ఎనిమిది వికెట్లూ 16 పరుగుల్లో పోయి, కివీస్ 79కే ఆలౌట్. తేడా 190 పరుగులు. 2005లో పాకిస్థాన్‌పై 148 కొట్టి ధోనీ దేశానికి పరిచయమైంది ఈ స్టేడియంలోనే. పూర్తికాల వన్డే కెప్టెన్‌గా అతని ఆఖరి మ్యాచ్ కూడా ఇదే అయింది.

ఆ రోజు ఓడి ఉంటే ఆ జెర్సీలు ఓ వారం మాట్లాడుకుని వదిలేసే ముచ్చటయ్యేవి. గెలుపు వాటికి చరిత్రలో చోటిచ్చింది.

నిజానికి తల్లి పేరు మోయడం ఈ నేలకి కొత్త కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులోమావి అని శాసనాల్లో చెక్కించుకున్నారు శాతవాహనులు. స్టేడియానికి దగ్గర్లోని తొట్లకొండ బౌద్ధ క్షేత్రంలో వాళ్ల నాణేలు దొరికాయి. ఆ తర్వాత మన ఇళ్లలో ఇంటిపేరంటే తండ్రిదే అయిపోయింది. పెళ్లయితే ఆడపిల్లకి అదీ మారిపోతుంది. అందుకే ఆ ప్రకటన మనసుకి తగిలింది. కాకపోతే అందులో అమ్మ పేరుంది గానీ ఆడే అమ్మాయి లేదు. ఆ వెలితి తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మహిళా క్రికెటర్ల పేర్లతో స్టాండ్లే లేవని 2025లో మంత్రి లోకేశ్‌తో జరిగిన ముఖాముఖిలో స్మృతి మంధాన అంది. అక్టోబర్ 12న, మహిళల ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్ రోజున, ఇదే స్టేడియంలో ఓ స్టాండ్‌కి మిథాలీ రాజ్ పేరు, ఓ గేటుకి మన ఆంధ్ర వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. ఈసారి కాలం కలిసి రాలేదు. 330 కొట్టి కూడా భారత్ ఓడింది. కానీ సెమీస్‌లో అదే ఆస్ట్రేలియాపై 339 ఛేదించి, నవంబర్ 2న దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి తీసిన వికెట్లు 14.