లాన్‌లో ఎండిన మచ్చకు మందు వేసే ముందు

ప్రియమైన పిల్లలూ,

మీరు పంపిన ఫోటో చూశాను. పచ్చటి లాన్ మధ్యలో పళ్ళెమంత మేర గడ్డి ఎండిపోయింది. ఎరువు వేద్దామా, మందు కొడదామా అని అడిగారు. ఇప్పుడే ఏదీ వద్దు. ముందు అక్కడికి వెళ్ళి నేల మీద కూర్చోండి.

మచ్చ మధ్యలో వెతికి లాభం లేదు, అక్కడ అంతా అయిపోయింది. ఎండుగడ్డీ పచ్చగడ్డీ కలిసే అంచు చూడండి. గడ్డిని చంపుతున్నదేదో ఇంకా అక్కడే పని చేస్తూ ఉంటుంది.

అసలు గడ్డి చచ్చిందో లేదో తేల్చుకోవాలి. నీళ్ళు చాలనప్పుడు గడ్డి ఆకుల్ని వదిలేసుకుని మొదలు దగ్గర ప్రాణం దాచుకుంటుంది. ఒక పిలకను వేళ్ళతో సహా పీకి, ఆకులూ వేళ్ళూ కలిసే చోట గోటితో గీరండి. తెల్లగా, గట్టిగా ఉంటే బతికే ఉంది. రెండు వారాలు బాగా తడిపితే చిగురు వేస్తుంది. గోధుమ రంగుకు తిరిగి పుటుక్కున విరిగితే ఇక రాదు.

తర్వాత అంచు దగ్గరి గడ్డిని గుప్పిట పట్టి పైకి లాగండి. చాప చుట్టినట్టు లేచి వచ్చిందంటే కింద వేళ్ళు లేవన్నమాట. అక్కడ రెండు మూడు అంగుళాల మట్టి తీసి చూడండి. ఒళ్ళు తెల్లగా, తల గోధుమ రంగులో ఉండి, సగం చుట్టుకుని పడుకున్న పురుగు కనిపించవచ్చు. అదే వేరు పురుగు, పెంకు పురుగు పిల్ల. ఒకటీ అరా ఉంటే కంగారు పడకండి, బలంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది. చదరపు అడుగుకు పది దాకా ఉంటేనే మందు మాట. ఆ డబ్బా మాత్రం మీరు ముట్టుకోవద్దు, పెద్దవాళ్ళు చూసుకుంటారు.

మచ్చ చుట్టూ గడ్డి ముదురు పచ్చగా, ఏపుగా ఉందా? అయితే కుక్క వచ్చి మూత్రం పోస్తోంది. అందులో నత్రజని, లవణాలు ఎక్కువ. నేరుగా పడిన చోట గడ్డి మాడుతుంది, పక్కకు పలచగా చేరిన చోట అదే ఎరువవుతుంది. ఇది తెలియక ఒకసారి నేను పసుపు మచ్చల మీద యూరియా చల్లాను. యూరియా కూడా నత్రజనే. అది ఎక్కువై చస్తున్న గడ్డికి ఇంకా ఎక్కువ పెట్టాను. మచ్చలు పెద్దవయ్యాయి. చాలా బాధేసింది. అక్కడ చేయాల్సిందల్లా కుక్క పోసిన వెంటనే బకెట్టెడు నీళ్ళు కుమ్మరించడమే.

తెల్లవారుజామున మంచు ఉండగా చూస్తే, అంచున సాలెగూడు లాంటి సన్నటి తెల్లదారాలు కనిపించవచ్చు. దగ్గరికి వెళ్ళి చూసి సాలీడు ఉందేమో తేల్చుకోండి. లేకపోతే బూజు తెగులు. సాయంత్రం నీళ్ళు పెట్టడం మానేయండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులుకు పండగే. పొద్దున్నే పెడితే ఎండకు ఆరిపోతుంది.

ఇవేవీ కాకపోతే స్క్రూడ్రైవర్ గుచ్చండి. దిగకపోతే కింద రాయో ఇటుక ముక్కో ఉంది, లేదా తొక్కీ తొక్కీ నేల గట్టిపడింది.

కారణం తెలిశాకే మరమ్మత్తు. ఎండుగడ్డిని గోకి తీసేయండి. మట్టిని రెండు మూడు అంగుళాల లోతు గుల్ల చేసి, బాగా మాగిన కంపోస్టు కలపండి. గరికలా పాకే రకమైతే అదే లాన్‌లో ఒక మూల నుంచి కణుపులున్న తీగలు తెచ్చి నాటి, కాలితో మెత్తగా అదమండి. వేళ్ళు పట్టేదాకా పైమట్టి ఆరనివ్వకండి. లాగితే ఊడిరాకుండా నిలిచినప్పుడే కోత మొదలు పెట్టాలి. కోసినా ఎత్తులో మూడో వంతు మించొద్దు.

రేపు పొద్దున మంచు ఆరకముందే వెళ్ళండి. అంచు దగ్గర ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య