"హెల్మెట్ ఉందిగా!": అమెరికన్ ఫుట్‌బాల్ తొలి రోజులపై అపోహలు – వాస్తవాలు

అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర ఒక హైస్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్‌గా, అంటే ఆటల్లో పిల్లలకి తగిలే దెబ్బల్ని చూసుకునేవారిగా పనిచేస్తున్నాను. ఆగస్టులో ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) ప్రాక్టీసు మొదలయ్యిందంటే చాలు, మన తెలుగు తల్లిదండ్రుల నోట ఒకటే మాట: "ఆ రోజుల్లో హెల్మెట్లు లేక చచ్చిపోయారండీ. ఇప్పుడున్నాయిగా, భయం లేదు." అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

1905 సీజన్‌లో దాదాపు 19 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. నెత్తిన తోలు హెల్మెట్ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అప్పట్లో మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, బంతిని 5 గజాలు ముందుకు జరిపితే చాలు, అది ఆ జట్టు దగ్గరే ఉండేది. అందుకని బంతి పట్టినవాణ్ని సొంత జట్టువాళ్లే గుంపుకట్టి, లాగి, ముందుకు తోసేవాళ్లు. అవతలివాళ్లూ గుంపుగానే మీద పడేవాళ్లు. అడుగున నలిగేవాడి మెడనీ ఛాతీనీ ఏ హెల్మెట్ కాపాడుతుంది?

అందుకే 1906లో రూల్స్ మార్చారు. 5 గజాలు 10 అయ్యాయి, ఫార్వర్డ్ పాస్‌కి, అంటే బంతిని చేత్తో ముందుకు విసరడానికి, అనుమతి వచ్చింది. దాన్ని అందరికంటే ముందు అందిపుచ్చుకున్నది మా సెయింట్ లూయిస్ యూనివర్సిటీ కోచ్ ఎడ్డీ కోచెమ్స్. సెప్టెంబర్ 5న విస్కాన్సిన్‌లోని వాకెషాలో, కారోల్ కాలేజీతో ఆట. బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్ ఎవరికీ తగలకుండా నేలన పడింది. అలా పడితే బంతి అవతలి జట్టుకి ఇచ్చేయాలని అప్పటి రూల్. అంత రిస్క్ ఉన్నా మళ్లీ విసిరాడు, జాక్ ష్నైడర్ పట్టుకుని, అవతలి జట్టు గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ సీజన్‌లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచారు. సాధించిన పాయింట్లు 407, అవతలి జట్లకి ఇచ్చినవి 11. ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోకుండానే గెలవొచ్చని తేల్చిన జట్టు అది.

అంతటితో చావులు ఆగిపోలేదు. 1909లో మళ్లీ పెరిగితే, 1910లో బంతి పట్టినవాణ్ని నెట్టడం, లాగడం కూడా నిషేధించారు. కాలేజీ ఆటలో హెల్మెట్ తప్పనిసరి అయింది 1939లో! ఆ తర్వాత గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చాక, ఏమీ కాదన్న ధీమాతో ఏకంగా తలతోనే గుద్దడం మొదలెట్టారు. 1968లో అన్ని స్థాయిలూ కలిపి 36 మంది పోయారు. 1976లో తలతో గుద్దడాన్ని నిషేధించాక మెడ విరిగే కేసులు బాగా తగ్గాయి.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, తప్పకుండా పెట్టుకోవాలి. కంకషన్‌ని, అంటే కుదుపుకి మెదడు దెబ్బతినడాన్ని, ఆపడం మాత్రం దానివల్ల కాదు. మూత గట్టిగా పెట్టినా గిన్నె కుదిపితే లోపలి పెరుగు కదలకుండా ఉంటుందా?

ఒకసారి హాఫ్‌టైమ్‌లో ఒక నాన్నగారు దిగొచ్చి, "హెల్మెట్‌కి గీత కూడా పడలేదు, ఆడనివ్వండి" అని పట్టుబట్టారు. పక్కన బెంచీ మీద ఆయన కొడుకు చిన్‌స్ట్రాప్ (హెల్మెట్ గడ్డం పట్టీ) తీయడానికి తడుముకుంటూ, "ఇవాళ ఎవరితో ఆట?" అని నన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. ఆయనకి అది వినిపించాక ఇంకేం మాట్లాడలేదు, వాడి పక్కనే కూర్చుండిపోయారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, తిట్టాలనిపించదు. వాట్సాప్‌లో "ఈ మోడల్ కొంటే కంకషన్ రాదు" అని తిప్పేవాళ్ల మీదే నా కోపమంతా.

మిగతా అపోహలు గబగబా. ఫార్వర్డ్ పాస్‌ని 1913లో నోటర్‌డేమ్ యూనివర్సిటీ కనిపెట్టలేదు. ఆర్మీని (సైనిక అకాడమీ జట్టుని) 35–13తో ఓడించి దానికి పేరు తెచ్చిందంతే. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆటని నిషేధించబోలేదు. ఆయనకి ఆటంటే ఇష్టం, 1905 అక్టోబర్‌లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని పిలిచి బాగుచేసుకోమన్నాడు. సీటీ స్కాన్ నార్మల్ వస్తే కంకషన్ లేనట్టు కాదు, అందులో అది కనబడదు.

దెబ్బ తగిలాక తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఒక కంటి పాప పెద్దదిగా కనిపించినా, లేపితే లేవకపోయినా నాకు ఫోన్ చేయకండి. వెంటనే 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) చేయండి.