జబ్బ ఎముక భుజం దగ్గర విరిగితే: ప్లేటు, రాడ్డు, కీలు మార్పిడి - అపోహలు, వాస్తవాలు

మా కోనసీమలో కాలవ రేవు మెట్ల మీద పాకుడికి జారిన పెద్దావిడకీ, గట్టు రోడ్డు మీద బండి తిరగబడిన కుర్రాడికీ ఇదే ఎముక విరుగుతుంది. వైద్యం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. అయినా బంధువులు ముందు అడిగేది "ప్లేటా, రాడ్డా అండీ?" అనే.

అపోహ: ఆపరేషన్ చేయకపోతే చెయ్యి లేవదు.

పెద్ద వయసులో ఇలా విరిగిన ఎముకలు చాలావరకు స్లింగుతోనే, అంటే చేతిని మెడకు వేలాడదీసే పట్టీతోనే, అతుక్కుంటాయి. బ్రిటన్‌లో 250 మందిపై జరిపిన ప్రోఫర్ అధ్యయనం 2015లో వచ్చింది. ముక్కలు పక్కకు జరిగినవాళ్లలో కూడా, రెండేళ్ల తర్వాత చూస్తే, ఆపరేషన్ అయినవాళ్లకీ కానివాళ్లకీ చేతి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే కీలు కూడా తప్పినవాళ్లనీ, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినవాళ్లనీ అందులో చేర్చలేదు. వాళ్ల సంగతి వేరు.

అపోహ: ప్లేటే గట్టిది, రాడ్డు పాత పద్ధతి.

నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. ఎముక పైన బిగించే లాకింగ్ ప్లేటులో స్క్రూ తల ప్లేటులోకే మరతో బిగుస్తుంది కాబట్టి గుల్లబారిన ఎముకలోనూ కొంత పట్టు దొరుకుతుంది. బంతి, అంటే భుజం కీలులో తిరిగే జబ్బ ఎముక గుండ్రటి పైకొన, రెండు మూడు ముక్కలైనప్పుడు వాటిని ఒక్కొక్కటే పేర్చుకునే వీలు కూడా ఉంటుంది. కానీ చంక వైపు ఎముక ఆసరా సరిగా కుదరకపోతే బంతి లోపలికి వాలిపోతుంది, స్క్రూ మొనలు కీలులోకి పొడుచుకొస్తాయి. ప్లేటు కాస్త పైకి కూర్చున్నా, చెయ్యెత్తినప్పుడల్లా అడ్డు తగులుతుంది. బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే ప్రమాదం కూడా ఉంది.

రాడ్డు ఎముక మధ్య బోలులోకి దిగుతుంది, దానికి కోత చిన్నది. బంతి కిందుండే ఎముక మెడ భాగం రెండుగా విరిగినప్పుడు, ముఖ్యంగా విరిగిన గీత కిందికి పాకినప్పుడు, నేను దానివైపే మొగ్గుతాను. అయితే అది భుజం పైనున్న కండర తంతువుల్ని చీల్చుకుని లోపలికి వెళ్లాలి. ఆ చీలికని జాగ్రత్తగా కుట్టాలి. బంతే ముక్కలైతే సాధారణంగా రాడ్డు నప్పదు. సన్నటి వైర్లు ఖర్చు తక్కువే గానీ గుల్ల ఎముకలో నిలవవు, జారతాయి.

అపోహ: కీలు మార్పిడి చివరి దిక్కు.

డెబ్బై దాటినవాళ్లకి బంతి బాగా చితికిపోతే రివర్స్ కీలే మేలని నా అభిప్రాయం. అందులో బంతిని రెక్క ఎముక వైపు, గిన్నెని చేతి వైపు పెడతారు. తంతువులు పాడైనా భుజం మీది పెద్ద కండరమే చెయ్యి లేపుతుంది. 65 నుంచి 85 ఏళ్లవాళ్లపై నార్వేలో జరిగి 2020లో వచ్చిన అధ్యయనంలో, రెండేళ్ల దగ్గర ప్లేటు కంటే ఇదే మెరుగని తేలింది. కుర్రాళ్లకి మాత్రం సొంత ఎముకని కాపాడటమే ముందు.

అపోహ: మోచేతి దాకా నల్లబడితే లోపల చీము పట్టినట్టే.

రక్తం కిందికి జారిన మరక అది, తగ్గిపోతుంది. చెయ్యి చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయొద్దు.

అపోహ: కదిపితే అతుకు ఊడిపోతుంది.

వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదపాలి. భుజం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. నెలల తరబడి కట్టేసి ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. నూనె పెట్టి గట్టిగా లాగించడం మాత్రం వద్దండి.

ఇంకో మాట. అరవై దాటిన ఆడవాళ్లకి నిలబడిన చోటే పడి ఈ ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారుతున్నాయేమో చూడాల్సిందే, తర్వాత విరిగేది తుంటి కావచ్చు. డిశ్చార్జి చీటీలో డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత చూసే పరీక్ష), విటమిన్ డి పరీక్ష లేకపోతే అడిగి రాయించుకోండి.