ఫోన్‌లో 2జీని ఆపే స్విచ్: ముప్పై ఏళ్లు ఆలస్యంగా

కిరాణా కొట్టు ముందు నిలబడి డబ్బులు పంపబోతుంటే ఇంటి నుంచి కాల్ వస్తుంది. మాట్లాడుతూనే పంపేద్దామని చూస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పైన 4జీ గుర్తు ఉండాల్సిన చోట ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరం కనిపిస్తుంది. కాల్ కోసం ఫోన్ మనల్ని అడగకుండానే 2జీలోకి దిగిపోయింది.

ఇది ఫోన్ చెడిపోయి జరిగేది కాదు, దాన్ని తయారు చేసిందే అలా. మొదట్లో 4జీ వచ్చింది డేటా కోసం. కాల్ మాట్లాడాలంటే ఫోన్ 3జీకో 2జీకో దిగాల్సిందే. అందుకే ఆ రోజుల్లో సెట్టింగ్స్‌లో ‘4జీ/3జీ/2జీ ఆటో’, ‘3జీ/2జీ ఆటో’, ‘2జీ మాత్రమే’ లాంటి ఆప్షన్లు ఉండేవి గానీ, ‘4జీ మాత్రమే’ అనేది చాలా ఫోన్లలో ఉండేది కాదు. బ్యాటరీ మిగలాలంటే కిందికి దిగి కూర్చోవచ్చు. ‘ఇంతకంటే కిందికి దిగకు’ అని చెప్పే దారి మాత్రం లేదు. అంతకుముందు నోకియా స్మార్ట్‌ఫోన్లలో 3జీ ఒక్కటే, లేదా 2జీ ఒక్కటే ఎంచుకునే వీలుండేది. తర్వాత వచ్చిన ఫోన్లు ఆ పాటి స్వేచ్ఛ కూడా ఇవ్వలేదు. తెలిసినవాళ్లు *#*#4636#*#* కొట్టి, దాచి ఉంచిన మెనూలోకి వెళ్లి మార్చుకునేవాళ్లు.

నెట్ స్లో అవడం చిన్న ఇబ్బందే. అసలు ప్రమాదం 2జీ పుట్టుకలోనే ఉంది. 1991లో ఫిన్లాండ్‌లో జీఎస్‌ఎం, అంటే 2జీ సేవలు మొదలైనప్పుడు, సిమ్ అసలుదా నకిలీదా అని టవర్ పరీక్షించేది. టవర్ అసలుదో కాదో ఫోన్ పరీక్షించేది కాదు. సంభాషణను సంకేత భాషలోకి మార్చాలా వద్దా అన్నది కూడా నెట్‌వర్క్ చెప్పినట్టే. ‘వద్దు’ అంటే ఫోన్ తలూపేది. రెండు వైపులా పరీక్ష 3జీతో వచ్చింది. కానీ ఫోన్ 2జీకి దిగగలిగినంత కాలం ముందు తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా పెరటి తలుపు తెరిచే ఉన్నట్టు.

2009 డిసెంబర్‌లో బెర్లిన్ హ్యాకర్ల సదస్సులో భద్రతా పరిశోధకుడు కార్‌స్టెన్ నోల్ బృందం 2జీ సంకేత భాష ఏ5/1ను ఛేదించే పట్టికలు బయటపెట్టింది. మరుసటి ఏడాది లాస్‌వేగాస్‌లో జరిగే హ్యాకర్ల సదస్సు డెఫ్‌కాన్‌లో ఒక హ్యాకర్ సుమారు 1,500 డాలర్ల పరికరాలతో నకిలీ టవర్ పెట్టి చూపించారు. ప్రభుత్వ నిఘా సంస్థలకే పరిమితమనుకున్న పని మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చేసింది. ఇప్పుడు మోసగాళ్లు అలాంటి పరికరాలనే కారులో పెట్టుకుని తిరుగుతున్నారు. చుట్టుపక్కల ఫోన్లను 2జీకి లాగి, బ్యాంకు పేరుతో మెసేజ్ పంపి వదిలేస్తారు. ఇంట్లో తయారు చేసిన ఇలాంటి యాంటెన్నాతో వేల మెసేజ్‌లు పంపారని ఇద్దరిని అరెస్టు చేసినట్టు లండన్ సిటీ పోలీసులు 2024 జూన్‌లో ప్రకటించారు. మన దగ్గర బ్యాంకులూ కంపెనీలూ పంపే మెసేజ్‌ల పేర్లను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందే నమోదు చేయించాలి. ఆ జల్లెడ ఆపరేటర్ నెట్‌వర్క్ గుండా వచ్చేవాటికే. నకిలీ టవర్ మెసేజ్ నేరుగా గాలిలోంచి ఫోన్‌లో పడుతుంది.

‘మా సిమ్‌కి 2జీయే లేదు కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. 2016 సెప్టెంబర్‌లో జియో 4జీ మీదే కాల్స్‌తో వచ్చిన మాట నిజమే. కానీ ఫోన్‌లోని రేడియోకి 2జీ వినడం వచ్చు. నకిలీ టవర్ ఏ కంపెనీ పేరైనా చెప్పుకోగలదు.

పై మెట్టు సంగతీ అంతే, అది కూడా మన చేతిలో లేదు. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైతే, 5జీ ఐఫోన్ ఉన్నవాళ్లు డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 అప్‌డేట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

2జీని ఆపే స్విచ్ 2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ అంతకుముందు నుంచే దాన్ని అడుగుతూ వచ్చింది. అయితే మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే చిప్, సహకరించే కొత్త ఫోన్లకే అది దక్కింది. పైగా ఆపరేటర్ కోరితే దాన్ని దాచేసే ఏర్పాటు కూడా పెట్టారు. ఇది నాకు మింగుడుపడని విషయం. ఐఫోన్‌లో 2023 నుంచి లాక్‌డౌన్ మోడ్ అనే గట్టి భద్రతా ఏర్పాటు పెడితే 2జీ ఆగుతుంది, కానీ దాంతోపాటు ఇంకా చాలా ఆగిపోతాయి. విడిగా స్విచ్ లేదు.

అలాగని 2జీ టవర్లన్నీ మూసేయమనడం నాకు ఇష్టం లేదు. బటన్ ఫోన్ పట్టుకున్న పెద్దవాళ్లకూ, వేరే సిగ్నల్ అందని అడవి పల్లెలకూ ఇప్పటికీ అదే దిక్కు. అవసరం లేనివాళ్లు తమ ఫోన్ వరకు ఆపుకోగలిగితే చాలు. ఆండ్రాయిడ్‌లో ఆ స్విచ్‌తో 2జీ ఆపినా అత్యవసర కాల్‌కి 2జీ పనిచేస్తుంది.

ఇంకో సంగతి ఉంది. సంకేత భాష లేకుండా కాల్ వెళ్తుంటే తెర మీద హెచ్చరిక చూపాలని జీఎస్‌ఎం ప్రమాణాల్లోనే రాసుకున్నారు. దాన్ని చూపకుండా ఆపే అధికారాన్ని మాత్రం సిమ్‌లో ఒక చిన్న గుర్తుకు, అంటే ఆపరేటర్‌కు ఇచ్చారు. చాలామంది ఆ హెచ్చరికను ఎన్నడూ చూడలేదు. 2025లో ఆండ్రాయిడ్ 16 దాన్ని మళ్లీ తెచ్చింది, అదీ కొత్త మోడెమ్ ఉన్న ఫోన్లకే.