పిండి పోస్తే సంచీ రాదు: స్టార్చ్ ఫిల్మ్‌పై అపోహలు - వాస్తవాలు

మొన్న శ్రావణంలో పర్లాకిమిడి వైపు నుంచి ఒకాయన రాయగడలో స్టార్చ్ (పిండిపదార్థం) పొరలు పోసే మా షెడ్డుకి వచ్చారు. చేతిసంచిలోంచి ముదురు పాకం మాడినట్టున్న నల్లటి గడ్డ తీసి బల్ల మీద పెట్టారు. "మాస్టారూ, కర్రపెండలం పిండి పోశానండీ. మిషన్ బిగుసుకుపోయింది." ప్లాస్టిక్ సంచులు ఊదే సెకండ్‌హ్యాండ్ బ్లోయింగ్ మిషను. ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టి కొన్నారట. ఈ ఏడాది ఇలాంటి గడ్డతో నా దగ్గరికి వచ్చినవారిలో ఆయన మూడోవారు.

అపోహ: వీడియోల్లో చూస్తే ఇంట్లో గిన్నెలోనే పిండితో ఫిల్మ్, అంటే పల్చటి పొర, వస్తోంది కదా, మిషన్ కొంటే క్యారీబ్యాగులు వచ్చేస్తాయి.

రావు. పాలిథీన్ గుళికలు వేడికి కరుగుతాయి, ఊదితే బుడగలా సాగుతాయి. పొడి స్టార్చ్ కరగదు, కరిగేలోపే మాడుతుంది. ఆ నల్లగడ్డ అదే. వీడియోలో చూపించేది వేరే పద్ధతి: 100 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగైదు గ్రాముల స్టార్చ్, దాని బరువులో మూడో వంతు గ్లిజరిన్ వేసి, 70 డిగ్రీలు దాటి గంజి నిగనిగలాడేదాకా కలిపి, పళ్లెంలో పోసి ఆరబెట్టడం. మర్నాటికి పొర ఊడి వస్తుంది. అబద్ధం కాదు, నేనూ రోజూ చేసేది అదే. కాని అది సంచీ కాదు.

మనవాళ్లకి పూతరేకు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే వచ్చేది అచ్చం స్టార్చ్ ఫిల్మే. ఆరితే పెళుసు, అందుకే చుట్టేముందు తడిగుడ్డ అద్దుతారు. గ్లిజరిన్ చేసేదీ ఆ తడిగుడ్డ పనే, కాకపోతే ఆరిపోదు. ఎక్కువైతే పొర జిగురుగా అంటుకుంటుంది, తక్కువైతే అప్పడంలా విరుగుతుంది. మొదటి ఏడాది నేను సంక్రాంతికి కుదిరిన పాళ్లతోనే ఆషాఢంలోనూ పోశాను. నాగావళి మీంచి వచ్చే ఆ తడిగాలికి నలభై షీట్లూ ఒకే ముద్దయ్యాయి, పైన బూజు. ఆ ముద్ద కోళ్లు కూడా ముట్టలేదు. తడి తగలని చోట, మిఠాయిల మధ్య పొరలాగా, దీనికి విలువుంది. తడి కూరగాయలు మోయమంటే మోయదు.

మరి బజారులో కంపోస్టబుల్, అంటే కుళ్లి ఎరువయ్యే, సంచులు ఎలా వస్తున్నాయంటారా? స్టార్చ్‌ని గ్లిజరిన్ లాంటివాటితో మెత్తబరిచి, పీబీఏటీ అనే ప్లాస్టిక్ తరహా పాలిమర్‌తో జంట స్క్రూల మిషన్లో కలిపి గుళికలు చేస్తారు. సంచీ ఊదేది ఆ గుళికలతో. పీబీఏటీ మొక్కల్లోంచి వచ్చేది కాదు, ఎక్కువగా పెట్రోలియం సరుకే, అయినా తగిన పరిస్థితుల్లో కుళ్లుతుంది. పైగా తయారుచేసేవాళ్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల్లోనే ఆ మాట ఉంది. మిషన్ అమ్మే ఏజెంటు ఈ ముక్క చెప్పడు. కొటేషన్‌తో వచ్చినవాణ్ణి ఒక్కటే అడగండి: "మా ఎదుట, మా పిండితో, ఒక్క సంచీ ఊదిచూపించు బాబూ."

మిగతావి గబగబా.

వేడినీళ్లలో కరిగితే అసలైన స్టార్చ్ సంచీ అంటారు. అలా కరిగేది చాలావరకు పీవీఏ అనే, నీళ్లలో కరిగే పాలిమర్. కరగడం వేరు, కుళ్లడం వేరు.

పెరట్లో పారేస్తే ఒక్క వానాకాలానికి మాయమవుతుందంటారు. ఉత్త స్టార్చ్ పొర అయితే పోతుంది. కంపోస్టబుల్ సంచుల పరీక్ష మాత్రం 58 డిగ్రీల దగ్గర జరుగుతుంది, అక్కడ 180 రోజుల్లోపు 90 శాతం కుళ్లాలి. మన పెంటకుప్పకి అంత వేడి నిలవదు. ఇక పాలిథీన్‌లో కాస్త పిండి కలిపి "బయో" అని అచ్చేసేవి, వాటి ఊసెత్తకండి. పిండి పోయాక ప్లాస్టిక్ తునకలు మిగులుతాయి.

మా దగ్గర నేర్చుకునే సంఘం ఆడవాళ్లు భయంభయంగా అడుగుతారు: "పెండలంలో విషం ఉంటుందటగా, చేతులకి అంటదా?" ఆ భయం ఉత్తిది కాదు. పచ్చి దుంపలో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. కాని దుంప తురిమి, మళ్లీమళ్లీ కడిగి, తేర్చి తీసేసరికి దాదాపు అంతా నీళ్లలోనే పోతుంది. ఆ కడుగునీళ్లు మాత్రం పశువుల తొట్టిలో పోయకండమ్మా.

పర్లాకిమిడి ఆయన మిషన్‌కి విజయనగరం నుంచి మెకానిక్కుని పిలిపించాం. రెండు రోజులు స్క్రూ గీకి గీకి బయటికి లాగాడు. ఇప్పుడు దాన్ని అమ్మకానికి పెట్టారు. ఫోన్ చేసినవాళ్లు ధర కన్నా ముందు అడుగుతున్నది ఒకటేనట: "ఇందులో పిండి పోయొచ్చాండీ?"