బెల్టు, ఎయిర్‌బ్యాగు, పిల్లల సీటు: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మాది శ్రీకాకుళం, యాక్సిడెంట్ అయిన కార్లకి బాడీ పని, వైరింగ్ పని చేస్తాం. కారు క్రేన్ మీద షెడ్డుకి వచ్చిందంటే ఓనర్లందరూ బంపరూ బానెట్టూ చూసుకుని గోల పెడతారు, నేను మాత్రం ముందు డోరు తీసి బెల్టు చూస్తాను. గుద్దుకున్నప్పుడు బెల్టు పెట్టుకుని ఉంటే ఆ పట్టీ లాగినంత పొడవునా బయటే బిగుసుకుపోయి వేలాడుతుంది, పైన డోరు పక్క పిల్లర్ (కప్పుని మోసే స్తంభం) దగ్గర అది దూరే రింగులో ప్లాస్టిక్ రాసుకుపోయి పట్టీ మీద గీత పడుతుంది. పెట్టుకోలేదనుకోండి, చాలా కార్లలో ఆ పట్టీ పిల్లర్‌కి అతుక్కుపోయి ఎంత లాగినా రాదు. కాబట్టి "నేను బెల్టు పెట్టుకునే ఉన్నాను బాబూ" అని ఎవరెంత గట్టిగా చెప్పినా బండిని చూస్తే తెలిసిపోద్ది. ఎవర్నీ తప్పు పట్టడానికి కాదు గానీ, షెడ్డులో ఇన్నాళ్ళూ విన్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కదా, బెల్టు లేకపోయినా పర్లేదు

ఇది అన్నిటికంటే ఎక్కువ వింటాను, అదీ కొత్త బండి కొన్నోళ్ళ దగ్గర. ఎయిర్‌బ్యాగ్ మెత్తటి దిండు అనుకుంటారు. కాదు, అది లోపల మందు అంటుకుని పేలేది. గుద్దిన క్షణంలో సెన్సర్ చూసి, కంప్యూటర్ నిర్ణయించి, గ్యాస్ నిండి, బ్యాగ్ పూర్తిగా బయటికి రావడం అంతా కలిపి సెకనులో ఇరవయ్యో వంతులో అయిపోతుంది, మనం కన్ను ఆర్పే టైము కూడా కాదు. గంటకి 300 కిలోమీటర్ల దాకా స్పీడుతో వస్తుంది ఆ గుడ్డ. బెల్టు పెట్టుకున్న మనిషి సీటుకి ఆని ఉంటాడు కాబట్టి బ్యాగ్ పూర్తిగా నిండి, గాలి వదలడం మొదలెట్టే టైముకి దాని మీదకి వాలతాడు. బెల్టు లేని మనిషి ఏం చేస్తాడు, గుద్దే ముందు బ్రేకు తొక్కుతాడు కదా, ఆ బ్రేకుకే ముందుకి జారిపోయి స్టీరింగ్ మీద పడి ఉంటాడు, సరిగ్గా అప్పుడు మొహం మీద పేలుతుంది. మెడ విరగడానికి అది చాలు.

బెల్టు పెట్టకపోతే బ్యాగ్ అసలు తెరుచుకోదు అని ఇంకో ప్రచారం ఉంది. చాలా కార్లలో తెరుచుకుంటుంది. బెల్టు పెట్టారా లేదా చూసి, ఎంత దెబ్బకి పేలాలో మార్చుకునే కార్లూ ఉన్నాయి. తెరుచుకోదేమో అని కాదు, తెరుచుకుంటుందనే భయపడాలి.

ఇంకో మాట, స్టీరింగ్‌కి ఛాతీకి మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అంటే జానెడు కంటే కొంచెం ఎక్కువ. పొట్టిగా ఉన్నవాళ్ళు సీటు బాగా ముందుకి లాక్కుంటారు, అలా కాకుండా సీటు వీపు కాస్త వాల్చి, స్టీరింగ్ కిందకి వంచుకుంటే సరిపోతుంది. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పెట్టండి, హారన్ మీద అడ్డంగా చెయ్యి పెట్టి నడిపేవాళ్ళ ముంజేతిని బ్యాగ్ పేలి వాళ్ళ మొహానికే కొడుతుంది.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ ఓపెన్ అవ్వలేదంటే కంపెనీ మోసం

ఒక్కోసారి నిజంగానే లోపం ఉండొచ్చు, కాదనను. కానీ ముందు బ్యాగులు ముందు నుంచి గట్టిగా తగిలితేనే తెరుచుకుంటాయి. వెనక నుంచి ఎవరో గుద్దినా, బండి పల్టీ కొట్టినా అవి తెరుచుకోకపోవడం మామూలే. మన 16వ నంబర్ హైవేలో ఎక్కువ చూసేది ఇంకోటి, రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన లారీ కిందకి కారు దూరిపోవడం. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడైనా చూడొచ్చు ఇది. అలాంటప్పుడు బంపర్‌కి, దాని వెనక ఉండే సెన్సర్‌కి తగలాల్సిన దెబ్బ తగలకుండా లారీ వెనక భాగం నేరుగా అద్దం దగ్గరకి వచ్చేస్తుంది. బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు కూడా. ఇంకా ఆ బండికి ముందు ఇనప గార్డు బిగించి ఉంటే దెబ్బ సెన్సర్‌కి చేరే తీరే మారిపోతుంది. ఆ గార్డుల్ని కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది, అయినా బిగించమని అడుగుతూనే ఉంటారు, మేం బిగించం. పక్క షాపుకి ఎళ్ళిపోతారు, అది వేరే విషయం.

అపోహ: పిల్ల నా ఒళ్ళో ఉంటే భయమేంటి, గట్టిగా పట్టుకుంటాను కదా

"గుంటని ఒళ్ళో ఎట్టుకుంటే నాను ఒదిలేత్తానేటి" అంటారు మన పెద్దమ్మలు. ప్రేమకి లోటు లేదు, చేతుల్లో బలం చాలదంతే. లెక్క చూడండి. కారు 50 కిలోమీటర్ల స్పీడులో పోయి దేన్నయినా గట్టిగా గుద్దితే లోపల ఉన్న ప్రతిదాని బరువూ ఆ క్షణానికి 20, 30 రెట్లు అయినట్టు అవుతుంది. పది కిలోల బిడ్డ అంటే 200 నుంచి 300 కిలోలు. మూడు క్వింటాళ్ళ బియ్యం బస్తాలు ఒక్కసారి విసిరితే పట్టుకునే చేతులు ఎవరికున్నాయి? అదే 50 స్పీడు అంటే మూడో అంతస్తు నుంచి కింద పడ్డంత.

ఇంకా ఘోరం, తల్లీ బిడ్డా ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టడం. అప్పుడు తల్లి ఒళ్ళంతా వెళ్ళి బిడ్డని బెల్టుకేసి నొక్కేస్తుంది. ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడమైతే ఇక చెప్పక్కర్లేదు, ఎదురుగా ఎయిర్‌బ్యాగ్, వెనక తల్లి, మధ్యలో పసిది. సన్‌రూఫ్ తీసి పిల్లల్ని నిలబెట్టేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి వచ్చే బళ్ళు చూస్తే ఇవన్నీ ఒకే కారులో కనిపిస్తాయి.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టంలో 194బి అని 2019లో చేర్చారు, 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల ఫైను. మన దగ్గర ఎవరైనా ఆపి రాస్తున్నారా అంటే అది మీకూ తెలుసు.

అపోహ: పిల్లల సీటు విదేశాల వాళ్ళకి, మన పిల్లలు అందులో కూర్చోరు

మొదటి రోజు ఏడుస్తారు, నిజమే. సీటు తెచ్చిన వెంటనే కారులో పెట్టకుండా రెండు మూడు రోజులు హాల్లో పడేసి ఉంచండి, టీవీ చూస్తూ అందులోనే కూర్చుంటారు, తర్వాత కారులో పెట్టినా పెద్ద గొడవ ఉండదు. పుట్టిన బిడ్డని ఆస్పత్రి నుంచి తెచ్చే రోజునే మొదలెడితే ఇంకా నయం, వేరే అలవాటే ఉండదు. పాలివ్వాలంటే బండి ఆపి ఇవ్వండి, నడుస్తుండగా బిడ్డని సీట్లోంచి తియ్యొద్దు. డబ్బుల గురించి అడిగితే, మీరు అలాయ్ వీల్స్‌కి పెట్టినదాంట్లో మంచి సీటు వచ్చేస్తుంది, నేనే బిగించాను కాబట్టి నాకు తెలుసు.

పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి ఉండాలి, అంటే బిడ్డ మొహం కారు వెనకద్దం వైపు ఉండాలి. ఎందుకంటే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, మెడలో బలం ఉండదు. ముందుకి చూస్తూ కూర్చుంటే ఒళ్ళు బెల్టుకి ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి ఎగురుతుంది. వెనక్కి తిరిగి ఉంటే వీపూ మెడా తలా అన్నీ ఒకేసారి సీటు డొప్పకి ఆనతాయి. యూరప్ కొత్త రూలు ప్రకారం కనీసం 15 నెలల దాకా ఇలాగే, ఆ తర్వాత కూడా సీటు ఒప్పుకున్నంత కాలం ఉంచితే మంచిది. కాళ్ళు ముడుచుకుంటాయి పాపం అంటారు, ముడుచుకుంటే ఏమీ అవదు, పిల్లలు ఇంట్లోనూ అలాగే కూర్చుంటారు. ఈ సీటుని ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, పేలిందంటే నేరుగా బిడ్డ తల వెనకున్న డొప్పకే కొడుతుంది. ఎండ తగలకుండా దించుకునే రేకు మీద బొమ్మ వేసి స్టిక్కర్ ఉంటుంది చూడండి, అది దీని గురించే, చాలామంది బండి తీసుకున్న రోజే పీకేస్తారు.

బిగించడంలోనే సగం మంది తప్పుతారు. పిల్లల సీటుని బెల్టుతో పనిలేకుండా నేరుగా కారుకే తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్న కారైతే, అవి వెనక సీటు అడుగు మెత్తకి వీపు మెత్తకి మధ్య సందులో ఉంటాయి, క్లిక్ మనేదాకా నొక్కి, ఆకుపచ్చ గుర్తు కనపడిందో లేదో చూడండి. మన ఊళ్ళో సమస్య ఏంటంటే సీటు కవర్లు కుట్టేవాళ్ళు ఆ కొక్కేల మీద నుంచే రెగ్జిన్ లాగేస్తారు, "మా కారులో అవి లేవండి" అని వచ్చిన బళ్ళకి కవర్ కాస్త కోసి చూపిస్తే లోపల ఉంటాయి. కొక్కేలు లేని పాత కారైతే బెల్టుతో బిగించాలి, సీటు మీద బెల్టు దూరే దారికి రంగు గుర్తులుంటాయి, వెనక్కి తిప్పి పెడితే నీలం, ముందుకి పెడితే ఎరుపు. మోకాలితో సీటుని అదిమి పట్టి బెల్టు లాగండి, తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. బిడ్డ భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత రాకూడదు. మనకి చలికోట్లు లేవు గానీ అరకు ఎళ్ళేటప్పుడు దుప్పట్లో చుట్టేసి పట్టీలు పెడతారు, అలా కాదు, ముందు పట్టీలు బిగించి పైన దుప్పటి కప్పాలి. ఎండలో ఆపిన బండి అయితే లోహం బకిల్ ముట్టుకుని చూసి అప్పుడు కూర్చోబెట్టండి, చురుక్కుమంటుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య తన పిల్లలు వాడిన సీటు పంపించాడు అని తెచ్చేవాళ్ళూ ఎక్కువయ్యారు. అక్కడి కార్లలో వెనక బెల్టు పూర్తిగా బయటికి లాగితే లాక్ అయిపోతుంది, మన కార్లలో సాధారణంగా అలా అవదు, బ్రేకు పడ్డప్పుడే ఆగుతుంది. సీటుకే బెల్టుని పట్టి ఉంచే లాక్ ఉంటేనే అది ఇక్కడ గట్టిగా నిలుస్తుంది. సీటు అడుగున తయారీ తేదీ, ఎన్నాళ్ళు వాడాలో రాసి ఉంటుంది, ప్లాస్టిక్ కదా, పెళుసెక్కుతుంది. ఒక గట్టి యాక్సిడెంట్ చూసిన సీటు బయటికి బాగానే కనిపించినా వాడొద్దు.

కాస్త పెద్దైతే బూస్టర్, అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు. పిల్లాడు సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పెద్దవాళ్ళ బెల్టు సరిగ్గా పడదు, మెడ మీద కోస్తుంది, కింది పట్టీ పొట్ట మీదకి ఎక్కుతుంది. మెడకి తగులుతుందని పిల్లలు పై పట్టీని చంక కిందకి తోసేస్తారు, అప్పుడు దెబ్బంతా పక్కటెముకల మీదా కడుపు మీదా పడుతుంది.

అపోహ: వెనక సీటు సేఫ్, అక్కడ బెల్టెందుకు

టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్ర పాల్ఘర్ దగ్గర పోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండా. ఎంత ఖరీదైన కారో అందరికీ తెలుసు. వెనక బెల్టు లేని మనిషి తనొక్కడే పోడు, ముందు సీటు మీదకి ఎగిరొచ్చి బెల్టు పెట్టుకున్న డ్రైవర్ని కూడా నలిపేస్తాడు. మనుషులే కాదు, ఉద్దానం నుంచి తెచ్చే కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు డబ్బాలు వెనకద్దం దగ్గర పలక మీద పెట్టి వస్తారు. అవన్నీ డిక్కీలో, కింద పెట్టండి.

అపోహ: దగ్గరికే కదా

"ఆమదాలవలస టేసను దాకా ఎల్లి వచ్చీడానికి బెల్టేటి" అంటారు. లారీకి మీరు ఎంత దూరం ఎళ్తున్నారో తెలీదు.

అపోహ: కడుపుతో ఉన్నవాళ్ళు బెల్టు పెట్టకూడదు

పెట్టాలి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తుంటి ఎముకల మీద రావాలి, పై పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. సీటు కాస్త వెనక్కి జరుపుకోండి.

అపోహ: ఆక్సెసరీలతో ఏమవుతుంది, అందం కోసమే కదా

బెల్టు మోత ఆపడానికి బకిల్‌లో గుచ్చే ఉత్తుత్తి క్లిప్పులు అమ్ముతారు, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలకి అవి తీసెయ్యమని ఆర్డర్ వేసింది. ఊళ్ళో మాత్రం దొరుకుతూనే ఉన్నాయి. అదొక్కటి గుచ్చితే బెల్టు పెట్టారని కారు నమ్మేస్తుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉన్న సీట్లకి మామూలు కవర్ కుట్టిస్తే ఆ బ్యాగ్ బయటికి రావడానికి దారుండదు, కుట్టు విడిపోయే కవర్లు వేరే ఉంటాయి, అవే అడగండి. ఇంకొకటి చెప్తే కోపం వస్తుందేమో గానీ, ఎడమ వైపు డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ అంటించేది సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీదే. అరసవిల్లి నుంచి పూజ చేయించుకుని వచ్చిన కొత్త బండికి పళ్ళెం సైజు ఇత్తడి విగ్రహం చూశాను. పేలితే అది తుపాకీ గుండే. చిన్న ఫోటో స్టిక్కర్ మూత లేని చోట అంటించుకోండి. అలాగే డాష్‌బోర్డు మీద కాళ్ళు చాపి పడుకోవడం, ఎదురుగా ఏముందో గుర్తుంటే ఎవరూ చేయరు.

అపోహ: సెకండ్ హ్యాండ్ బండి, ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని చెప్పారు, చాలు

పేలిన బ్యాగ్ మళ్ళీ మడిచి పెట్టేది కాదు. బ్యాగులు, వాటి కంప్యూటరు, గుద్దినప్పుడు బిగుసుకుపోయిన బెల్టులు అన్నీ మార్చాలి, బోలెడు ఖర్చు. అందుకని కొందరు ఏం చేస్తారంటే డాష్‌బోర్డుకి కొత్త తోలు వేసి, స్టీరింగ్ మీద ఖాళీ మూత పెట్టి, మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు పీకేస్తారు. కొనే ముందు కీ ఆన్ చేసి చూడండి. ఆ ఎర్ర లైటు వెలిగి, కొన్ని సెకన్లుండి, ఆరిపోవాలి. ఆరకపోతే ఫాల్ట్ ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి. ఇంజన్ లైటుతో కలిపి వైరు ఇచ్చేసే తెలివైన వాళ్ళు కూడా ఉన్నారు, రెండూ ఒకేసారి ఆరిపోతుంటే అదీ చూసుకోండి. ముందు సీట్ల బెల్టులు పూర్తిగా చివరిదాకా లాగి చూడండి, గీతలు, కరిగిన మచ్చలు, మధ్యలో ఆగిపోవడం ఉంటే ఆ బండి గట్టిగా గుద్దుకుందని అర్థం. కారు కంప్యూటర్లో ఫాల్టులు చదివే స్కానర్ పెట్టించి చూస్తానంటే అమ్మేవాడు ఒప్పుకోవాలి, సాకులు చెప్తుంటే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.